చెరువు కథ చదువుతుంటే అరేబియా సముద్రం వచ్చింది: మ్యాపులో మౌస్ చక్రం గురించి

నర్సంపేట_సారు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చెరువుల గురించి రాసేవాణ్ణే గాని కంప్యూటర్ల గురించి ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగక తప్పడం లేదు.

పాత వరంగల్ జిల్లా గొలుసుకట్టు చెరువుల మీద మన సభ్యులే ఒకరు తయారుచేసిన పేజీ తెరిచాను. పాకాల చెరువు గురించి మొదటి రెండు పేరాలు చాలా బాగున్నాయి. మూడోది చదువుదామని మౌస్ చక్రం కిందికి తిప్పాను. పేజీ కొంచెం కదిలి ఆగిపోయింది. దాని బదులు మధ్యలో ఉన్న మ్యాపు కదలడం మొదలుపెట్టింది. పాకాల ఆకంత అయింది, చుక్కంత అయింది, చివరికి కనబడకుండా పోయింది. ఆపేలోగా అటు అరేబియా సముద్రం, ఇటు బంగాళాఖాతం. కంగారుపడి చక్రం పైకి తిప్పితే ఒడిశాలో ఏదో అడవిలో దిగాను. అక్కడి నుంచి లాక్కుంటూ లాక్కుంటూ నర్సంపేట చేరేసరికి టీ చల్లారింది. మూడో పేరా ఇప్పటికీ చదవలేదు.

తప్పు నా మౌస్‌దా, నా చేతిదా, పేజీదా? వయసు వల్ల చేయి కొంచెం వణుకుతుంది. అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

గొలుసుకట్టు | సోమవారం, ఉదయం 8:15

సార్, ఆ పేజీ నాదే, తప్పూ నాదే. మీ మౌస్‌ను, చేతిని ఏమీ అనకండి.

జరిగింది ఇది. మ్యాపు కోసం లీఫ్‌లెట్ వాడాను, అంటే వెబ్ పేజీలో మ్యాపు చూపించడానికి ఎవరో రాసిపెట్టిన కోడ్. అందులో మౌస్ చక్రంతో జూమ్ అయ్యే ఏర్పాటు మొదటి నుంచే పనిచేస్తూ ఉంటుంది, వద్దనుకుంటే మనమే తీసెయ్యాలి. నేను తియ్యలేదు. పేజీ పైకి జరుగుతున్నప్పుడు మ్యాపు వచ్చి సరిగ్గా మీ బాణం గుర్తు కిందికి చేరింది. ఆ క్షణం నుంచి చక్రం మాట పేజీ వినదు, మ్యాపు వింటుంది. చక్రం ఒక టిక్కు తిరిగితే ఒక జూమ్ మెట్టు, మెట్టుకోసారి అంతా సగానికి చిన్నదవుతుంది. చెరువు స్పష్టంగా కనబడేది 15వ మెట్టు దగ్గర, రెండు సముద్రాలు కనబడేది 5వ మెట్టు దగ్గర. అంటే పది టిక్కుల ప్రయాణం, ఒకసారి వేలు ఆడిస్తే అయిపోతుంది.

ఇక ఒడిశా సంగతి. జూమ్ అయినప్పుడు బాణం గుర్తు కింద ఉన్న చోటు కదలకుండా ఉంటుంది, మిగతా దేశమంతా దాని చుట్టూ పెరుగుతుంది, తరుగుతుంది. మీరు చెయ్యి కదపకుండా చక్రం వెనక్కి తిప్పి ఉంటే మళ్ళీ పాకాలలోనే దిగేవారు. కంగారులో మౌస్ ఒక అంగుళం జరిగి ఉంటుంది. 5వ మెట్టు దగ్గర తెర మీద అంగుళమంటే నేల మీద దాదాపు 450 కిలోమీటర్లు.

నర్సంపేట_సారు | సోమవారం, ఉదయం 8:31

అంగుళానికి 450 కిలోమీటర్లా! నలభై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పాను. పటం స్కేలు ఇలా చేతి కింద మారిపోతుందని ఎప్పుడూ అనుభవంలోకి రాలేదు.

కాజీపేట_ప్యాసింజర్ | సోమవారం, ఉదయం 9:05

పదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి కొంచెం గట్టిగా చెబుతాను, తమ్ముడు ఏమీ అనుకోకూడదు. చక్రం పేజీ సొత్తు. మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్‌తో 1996లో చక్రం ఇంటింటికీ చేరినప్పటి నుంచి జనం దానితో చేస్తున్న పని కాగితం కిందికి జరపడమే. మధ్యలో వచ్చిన మ్యాపు ఆ చక్రాన్ని లాక్కోవడం, బస్సులో మన చేతిలోని పేపరును పక్కవాడు లాక్కున్నట్టు ఉంటుంది.

దీనికి గూగుల్ మ్యాప్స్ వాళ్ళు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. దాని పేరు కోఆపరేటివ్. పేజీ మధ్యలో ఉన్న మ్యాపు మీద చక్రం తిప్పితే పేజీయే కదులుతుంది. కంట్రోల్ మీట నొక్కి పట్టి తిప్పితేనే మ్యాపు జూమ్ అవుతుంది, మ్యాక్ మీద అయితే కమాండ్ మీట. ఫోనులో ఒక వేలు పేజీకి, రెండు వేళ్ళు మ్యాపుకు. లీఫ్‌లెట్ లాంటిదే అయిన మ్యాప్‌లిబ్రేలో కూడా ఇదే ఏర్పాటు ఉంది. లీఫ్‌లెట్‌కు గెశ్చర్ హ్యాండ్లింగ్ అనే చిన్న ప్లగిన్, అంటే తగిలించుకునే అదనపు కోడ్ ముక్క, దొరుకుతుంది. పెట్టు, పని అయిపోతుంది.

భద్రకాళి_బండ్ | సోమవారం, ఉదయం 10:20

నేను ఒప్పుకోను అన్నా. జియోఇన్ఫర్మాటిక్స్, అంటే కంప్యూటర్ మ్యాపుల చదువు, చదువుతున్నాను, రోజుకు ఆరేడు గంటలు మ్యాపుల మీదే ఉంటాను. ప్రతిసారీ కంట్రోల్ నొక్కాలంటే ఎడమ చేతికి వేరే పనే ఉండదు. మ్యాపు అంటేనే తిప్పితే దగ్గరకు రావాలి, లాగితే జరగాలి. ఇస్రో వాళ్ళ భువన్ మ్యాపు సైటు తెరిచినా, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ తెరిచినా చక్రంతోనే కదా జూమ్? అలవాటైన దాన్ని ఆపేసి, పైగా బూడిదరంగు తెర వేసి కంట్రోల్ నొక్కమని పాఠం చెప్పే మ్యాపులంటే నాకు ఒళ్ళు మంట.

కాజీపేట_ప్యాసింజర్ | సోమవారం, ఉదయం 10:34

నువ్వు చెప్పేవన్నీ తెర నిండా మ్యాపే ఉండే చోట్లు. అక్కడ జరపడానికి పేజీయే లేదు, చక్రాన్ని మ్యాపుకే ఇచ్చెయ్యాలి, నాకేమీ అభ్యంతరం లేదు. గూగుల్ వాళ్ళ ఏర్పాటులో ఆటో అని ఒకటి ఉంటుంది. పేజీ కిందికి జరిగేదైతే కంట్రోల్ అడుగుతుంది, జరగనిదైతే అడగదు. సారు చూసింది పది పేరాల వ్యాసం, మధ్యలో జానెడు మ్యాపు. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకు.

ఎనుమాముల_మిర్చి | సోమవారం, మధ్యాహ్నం 1:10

మార్కెట్ దగ్గర కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. మిర్చి సీజన్‌లో రోజుకు ముప్పై మంది రైతులు వస్తారు, భూమి కాగితాలకు, మ్యాపులకు. నేను చూసింది చెబుతాను, కోడ్ సంగతి మీరు చూసుకోండి.

కంట్రోల్ మీట ఏదో నూటికి తొంభై మందికి తెలియదు. మా షాపులో ఒక కీబోర్డు మీద ఆ మీట పేరు అరిగి పదేళ్ళయింది. నొక్కమని వచ్చే సందేశం ఇంగ్లిషులో వస్తుంది, రెండు క్షణాల్లో మాయమవుతుంది. చదివేలోగా పోతుంది. కష్టపడి నొక్కి తిప్పినా, అప్పటికి బాణం మ్యాపు అంచు దాటి బయట ఉందనుకోండి, బ్రౌజర్ పేజీ మొత్తాన్ని పెద్దది చేసేస్తుంది. అక్షరాలు గుమ్మడికాయలంత అవుతాయి. 'అయ్యో పాడైపోయింది' అని లేచి నిలబడతారు. కంట్రోల్‌తో సున్నా నొక్కితే మామూలు సైజుకు వస్తుందని నాకు తెలుసు, ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఎవరు చెబుతారు?

ఇంకొకటి. అరిగిపోయిన మౌస్‌లు. లోపలి స్విచ్ పాతబడితే ఒకసారి నొక్కినా రెండుసార్లు నొక్కినట్టు పోతుంది. చెరువు వివరాలు చూద్దామని గుర్తు మీద నొక్కుతారు, మ్యాపు డబుల్ క్లిక్ అనుకొని ఒక మెట్టు దగ్గరకు దూకుతుంది. మళ్ళీ నొక్కుతారు, మళ్ళీ దూకుతుంది. నాలుగుసార్లకు చెరువు నీళ్ళలో మునిగినట్టు తెరంతా నీలం. ఆ మౌస్ మార్చమనకండి, ఇళ్ళల్లో అందరి దగ్గరా ఉన్నవి అవే.

గొలుసుకట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:42

మిర్చి అన్నా, డబుల్ క్లిక్ సంగతి నాకు తట్టనే లేదు. ఈ పూటే ఆపేస్తాను, ఒక్క వరుస మార్పు.

తూము_మత్తడి | సోమవారం, సాయంత్రం 5:25

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విరమించాను. మొదట ట్రేసింగ్ కాగితం, తర్వాత ఆటోక్యాడ్. నా ఇబ్బంది వేరు. ఆటోక్యాడ్‌లో చక్రాన్ని లోపలికి నొక్కి పట్టి జరిపితే బొమ్మ జరుగుతుంది, చక్రాన్నే రెండుసార్లు నొక్కితే బొమ్మ మొత్తం తెరలో సరిపోతుంది. ఇరవై ఏళ్ళ అలవాటు, వేలు దానంతట అదే నొక్కుతుంది. బ్రౌజర్‌లో అలా నొక్కితే ఏదో గుండ్రటి గుర్తు వచ్చి పేజీ తనంతట తాను పరిగెడుతుంది.

రెండోది: మీ మ్యాపులో మా ఊరి చెరువు శిఖం (నీళ్ళు పరుచుకునే నేల) హద్దు చూడాలంటే గుంటల్లో కనబడాలి. ఎంత దగ్గరకు పోతే గుంట కనబడుతుందో లెక్క ఉందా?

గొలుసుకట్టు | సోమవారం, సాయంత్రం 6:50

లెక్క ఉంది సార్, సరదాగా ఉంది కూడా. వెబ్ మ్యాపు 256 పిక్సెళ్ళ చదరపు పలకలతో కట్టిన గోడ లాంటిది. సున్నా మెట్టులో ప్రపంచమంతా ఒకే పలక. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ప్రతి పలకా నాలుగవుతుంది. భూమధ్యరేఖ దగ్గర సున్నా మెట్టులో ఒక పిక్సెల్ అంటే దాదాపు 156.5 కిలోమీటర్లు, మెట్టు ఎక్కినప్పుడల్లా అది సగమవుతుంది. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి ఇంకో ఐదు శాతం తగ్గించాలి.

అలా చూస్తే 15వ మెట్టులో పిక్సెల్‌కు నాలుగున్నర మీటర్లు. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 చదరపు గజాలు, పక్కకు పది మీటర్లు. అంటే గుంట అక్కడ రెండు పిక్సెళ్ళ నలుసు. 18వ మెట్టులో అదే గుంట పక్కకు 18 పిక్సెళ్ళు, తెర మీద కందిగింజంత. మీరు 18కి వెళ్ళాలి.

చక్రం నొక్కడం గురించి: అది విండోస్‌లో బ్రౌజర్ తన పేజీని పరిగెత్తించుకోవడానికి పెట్టుకున్న పని, దానితో పోట్లాట పెట్టుకోను. ఎడమ బొత్తాం నొక్కి పట్టి లాగండి, అదే ఇక్కడ మీ చక్రపు నొక్కు. 'బొమ్మ మొత్తం తెరలో సరిపోవడం' మాత్రం మంచి ఆలోచన. ఇల్లు గుర్తుతో ఒక బొత్తాం పెడతాను, నొక్కితే మొదట కనబడిన చోటుకు వచ్చేస్తుంది.

భద్రకాళి_బండ్ | సోమవారం, రాత్రి 8:02

తూము_మత్తడి గారూ, షిఫ్ట్ మీట నొక్కి పట్టి, మౌస్‌తో చెరువు చుట్టూ మూల నుంచి మూలకు ఒక పెట్టె గీసి వదలండి. ఆ పెట్టెలో ఉన్నదే తెర నిండా వస్తుంది. లీఫ్‌లెట్, ఓపెన్‌లేయర్స్, మ్యాప్‌లిబ్రే అన్నిటిలోనూ ముందునుంచే ఉన్న సౌకర్యం, ఎవరూ చెప్పరు.

లాగడం గురించి కూడా ఒక మాట. 15వ మెట్టులో ఉండి హనుమకొండ నుంచి పాలంపేటకు, అంటే రామప్ప దగ్గరకు, మౌస్‌తో లాక్కుంటూ పోవద్దు. నేరుగా కొలిచినా దాదాపు 50 కిలోమీటర్లు, అంటే పదకొండు వేల పిక్సెళ్ళు. 1,366 పిక్సెళ్ళ ల్యాప్‌టాప్ మీద ఎనిమిది తెరల దూరం. దాని బదులు నాలుగైదు టిక్కులు వెనక్కి వచ్చి, బాణాన్ని పాలంపేట మీద పెట్టి, మళ్ళీ నాలుగైదు టిక్కులు ముందుకు తిప్పితే నేరుగా అక్కడే దిగుతారు. గద్ద పైకెగిరి, చూసుకొని, వాలినట్టు.

తూము_మత్తడి | సోమవారం, రాత్రి 8:40

పెట్టె గీశాను. వచ్చింది! ఆటోక్యాడ్‌లో జూమ్ విండో అనేవాళ్ళం దీన్ని. బాబూ, నీకు మంచి మార్కులు రావాలి.

ములుగు_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 6:55

ప్రభుత్వ బడిలో కంప్యూటర్ పాఠాలు కూడా చెబుతాను. నా దగ్గర మౌస్ లేదు, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మాత్రమే. నిన్నటి చర్చ అంతా చక్రం మీదే నడిచింది, మా గోడు కూడా వినండి. రెండు వేళ్ళు ఇలా తాకించానో లేదో మ్యాపు ఒక మెట్టు దూకుతుంది. కొంచెం కావాలంటే కొంచెం రాదు. లక్నవరం దీవులు తెరలో సరిగ్గా ఇమడాలంటే ఒకసారి మరీ చిన్నవి, ఒకసారి మరీ పెద్దవి. పిల్లలకు చూపిస్తుంటే వాళ్ళకు కళ్ళు తిరిగాయి.

కాజీపేట_ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 9:12

టీచరమ్మ గారూ, ఇది అసలైన లోపం. కారణం చెబుతాను.

మౌస్ చక్రానికి పళ్ళు ఉంటాయి. విండోస్ ఒక్కో టిక్కును 120 అనే అంకెగా లెక్కిస్తుంది. టచ్‌ప్యాడ్‌కు పళ్ళు లేవు. వేళ్ళు జరిగినంతసేపూ ఒకటి, మూడు, ఐదు అంటూ చిన్నచిన్న కదలికలు కారుతున్న కుళాయిలా వస్తూనే ఉంటాయి. లీఫ్‌లెట్ 40 మిల్లీసెకన్ల పాటు వచ్చినవాటిని పోగుచేసి, వాటికి ఎన్ని మెట్లో లెక్కకడుతుంది. అక్కడే మెలిక ఉంది. వచ్చిన జవాబును ఎప్పుడూ పై మెట్టుకే సవరిస్తుంది. పదో వంతు మెట్టు వచ్చినా ఒక పూర్తి మెట్టే వేస్తుంది. మౌస్‌కు అది బాగుంటుంది, టచ్‌ప్యాడ్‌కు అదే శాపం.

మందు ఉంది. ఎంతెంత మెట్టుకు ఆగాలో చెప్పే జూమ్‌స్నాప్ అనే అమరిక మొదట 1 ఉంటుంది, దాన్ని పావుకు తగ్గించాలి. ఒక మెట్టుకు ఎంత చక్రం తిరగాలనేది మొదట 60 ఉంటుంది, దాన్ని రెట్టింపు చెయ్యాలి. అప్పుడు లక్నవరం పావు మెట్టు చొప్పున జరుగుతుంది. నష్టం ఒకటే: పలకలు పూర్తి మెట్లకు గీసినవి కాబట్టి మధ్య మెట్టు దగ్గర ఊరి పేర్లు కొంచెం మసకబారతాయి.

మరొకటి. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు దగ్గరకు, దూరంగా చిటికె పడితే బ్రౌజర్ దాన్ని కంట్రోల్ నొక్కి చక్రం తిప్పినట్టే మ్యాపుకు చెబుతుంది. కాబట్టి నేను అడిగిన కంట్రోల్ పద్ధతి పెడితే మీకు ఇబ్బంది ఉండదు. రెండు వేళ్ళు జరిపితే పేజీ, చిటికె పడితే మ్యాపు.

భద్రకాళి_బండ్ | మంగళవారం, ఉదయం 9:50

చక్రంతోనే నాకు ఇంకో చిక్కు ఉంది, రెండు రోజులుగా తల పట్టుకున్నాను. నా సొంత ప్రాజెక్టులో చక్రం కోడ్ నేనే రాసుకున్నాను. మ్యాపు జూమ్ అవుతుంది, దానితోపాటు పేజీ కూడా జరుగుతుంది. పేజీని ఆపమని రాసినా వినడం లేదు.

కాజీపేట_ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 9:58

చక్రం కదలికను పేజీ మొత్తానికి తగిలించి వింటున్నావు, అవునా? 2019లో వచ్చిన క్రోమ్ 73 నుంచి అలా పేజీ స్థాయిలో వినేవాళ్ళ 'ఆపు' మాటను బ్రౌజర్ లెక్కచెయ్యదు, పేజీ ఆగకుండా జరగాలని. మ్యాపు పెట్టెకే తగిలించు, ప్యాసివ్ (ఊరికే విని ఊరుకునేది) కాదని స్పష్టంగా చెప్పు. ఆగుతుంది.

భద్రకాళి_బండ్ | మంగళవారం, ఉదయం 10:11

ఆగింది. దండాలు అన్నా. అయినా కంట్రోల్ మీట విషయంలో మాత్రం ఒప్పుకోను.

గొలుసుకట్టు | బుధవారం, రాత్రి 9:30

మార్పులు చేశాను, చూడండి. కంట్రోల్ పెట్టలేదు, మిర్చి అన్న చెప్పింది విన్నాక మనసొప్పలేదు. మధ్యేమార్గం ఎంచుకున్నాను. మ్యాపు మొదట నిద్రపోతూ ఉంటుంది, చక్రం పేజీకే. మ్యాపు మీద ఒకసారి నొక్కితే మేలుకుంటుంది, చక్రం దానిదవుతుంది. బాణం మ్యాపు దాటి బయటకు వెళ్ళగానే మళ్ళీ నిద్ర. డబుల్ క్లిక్ తీసేశాను, పావు మెట్లు పెట్టాను, ఇల్లు బొత్తాం పెట్టాను. 9వ మెట్టు కంటే వెనక్కి పోకుండా కట్టడి చేశాను, ఇక సముద్రాలు రావు. పక్కలకు కూడా పాత జిల్లా ఎల్లలు దాటి లాగలేరు.

నర్సంపేట_సారు | గురువారం, ఉదయం 7:20

బాబూ, శ్రమపడ్డావు. మూడో పేరా చదివాను, నాలుగోదీ చదివాను. ఆ తర్వాత మ్యాపులో పాకాల తూము గుర్తు మీద నొక్కి దాని వివరం చదివాను. బాగుంది. ఐదో పేరాకు వెళ్దామని చక్రం తిప్పాను. మళ్ళీ పాకాల చుక్కయింది. సముద్రం రాలేదు, ఆ మాట నిజమే. ఖమ్మం దాకా వెళ్ళి ఆగింది.

ఇంకో సంగతి. గుర్తు మీద నొక్కితే ఒక్కోసారి వివరం రాదు, మ్యాపు వెంట్రుకవాసి జరిగి ఊరుకుంటుంది.

కాజీపేట_ప్యాసింజర్ | గురువారం, ఉదయం 9:01

ఇదే నేను భయపడింది. నొక్కడం అంటే 'మ్యాపు మేలుకో' అని నువ్వు అనుకున్నావు. సారు దృష్టిలో నొక్కడం అంటే 'ఈ తూము గురించి చెప్పు' అని. ఒకే వేటుకు రెండు అర్థాలు పెడితే చదివేవాడు ఊహించని అర్థమే ప్రతిసారీ జరుగుతుంది.

రెండోది చేతి వణుకు. బొత్తాం నొక్కి వదిలేలోగా మౌస్ మూడు పిక్సెళ్ళ కంటే ఎక్కువ జరిగితే లీఫ్‌లెట్ దాన్ని నొక్కడంగా కాక లాగడంగా తీసుకుంటుంది. కుర్రాళ్ళకు మూడు చాలు. సారు వయసు వాళ్ళకు పది ఉండాలి. గుర్తును కూడా పెద్దది చెయ్యి, కనీసం 44 పిక్సెళ్ళు.

ఎనుమాముల_మిర్చి | గురువారం, ఉదయం 11:30

పొద్దున షాపులో నలుగురి ముందు పెట్టి చూశాను. ముగ్గురు మ్యాపు మీద చక్రం వైపే పోలేదు. నేరుగా వెళ్ళి మూలన ఉన్న + గుర్తు నొక్కారు. అది చిన్నగా ఉందని ముందుకు వంగి మరీ నొక్కారు. నాలుగో ఆయన తెరను వేలితో లాగబోయాడు, ఫోను అనుకొని. చక్రం గురించి మీరు నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నారు, మా వాళ్ళకు కావలసింది పెద్ద + గుర్తు, పెద్ద − గుర్తు.

గొలుసుకట్టు | గురువారం, మధ్యాహ్నం 12:05

నిజంగానా! ఆ బొత్తాలు 26 పిక్సెళ్ళే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ లెక్కన వాటినే ముందు పెంచాలి.

ములుగు_టీచరమ్మ | గురువారం, సాయంత్రం 4:40

జరపడానికి కూడా బొత్తాలు పెట్టండి, నాలుగు దిక్కులకూ నాలుగు బాణాలు. మా పిల్లల్లో ఒకమ్మాయికి కుడి చెయ్యి సరిగ్గా పట్టు దొరకదు. నొక్కగలదు గాని నొక్కి పట్టి లాగలేదు. వెబ్ అందుబాటు ప్రమాణాల 2.2 కూర్పులో, 2023లో వచ్చిందే, ఈ నియమం ఉంది: లాగితే జరిగే ప్రతి పనికీ లాగకుండా నొక్కితే జరిగే దారి కూడా ఉండాలి. ప్రస్తుతానికి ఆ అమ్మాయి కీబోర్డు బాణం మీటలతో జరుపుకుంటోంది, ఒక్కో నొక్కుకు 80 పిక్సెళ్ళు. షిఫ్ట్ కలిపితే మూడింతలు జరుగుతుందని తనే కనిపెట్టి నాకు చెప్పింది. కాకపోతే ముందు ట్యాబ్ మీటతో మ్యాపు దాకా రావాలి, అదే పెద్ద యాత్ర.

గొలుసుకట్టు | శుక్రవారం, రాత్రి 10:15

మళ్ళీ మార్చాను. ఈసారి కాజీపేట అన్న మాటే నిలిచింది, మిర్చి అన్న షరతులతో. చక్రం ఎప్పుడూ పేజీకే. కంట్రోల్ పట్టి తిప్పినా, టచ్‌ప్యాడ్ మీద చిటికె పట్టినా మ్యాపు జూమ్ అవుతుంది. + − బొత్తాలు, నాలుగు బాణాలు, ఇల్లు, అన్నీ 44 పిక్సెళ్ళు. మూలన 'తెర నిండా' అనే బొత్తాం ఉంది, అది నొక్కితే మ్యాపు మాత్రమే మిగులుతుంది, అక్కడ చక్రం కంట్రోల్ లేకుండానే పనిచేస్తుంది. భద్రకాళి_బండ్ తమ్ముడి కోసం.

సందేశం తెలుగులో రాసి ఐదు క్షణాలు ఉంచాను: "మ్యాపు దగ్గరకు రావాలంటే కీబోర్డు కింద ఎడమ మూలన ఉన్న మీట నొక్కి పట్టి చక్రం తిప్పండి."

ములుగు_టీచరమ్మ | శనివారం, ఉదయం 7:05

నా ల్యాప్‌టాప్‌లో ఎడమ మూలన ఉన్నది కంట్రోల్ కాదు. ఎఫ్ఎన్ అని వేరే మీట. కంట్రోల్ దాని పక్కన ఉంది.

కాజీపేట_ప్యాసింజర్ | శనివారం, ఉదయం 8:20

మ్యాక్ వాళ్ళకు కమాండ్ అని కూడా రాయాలి. వాళ్ళకు ఇంకో వింత: 2011 నుంచి మ్యాక్‌లో చక్రం దిశ తిరగేసి వస్తుంది, కాబట్టి మనం దగ్గరకు తెచ్చుకునే వైపు తిప్పితే వాళ్ళకు దూరం పోతుంది. దాన్ని మార్చబోకు, వాళ్ళకు అదే అలవాటు.

గొలుసుకట్టు | శనివారం, ఉదయం 8:33

సందేశం మార్చాను: "మ్యాపు దగ్గరకు రావాలంటే పక్కనున్న + నొక్కండి. లేదా కంట్రోల్ మీట పట్టి చక్రం తిప్పండి." మ్యాక్ అయితే కంట్రోల్ బదులు కమాండ్ అని వస్తుంది. ఇక మీట ఎక్కడుందో నేను చెప్పను!

భద్రకాళి_బండ్ | శనివారం, ఉదయం 9:15

తెర నిండా బొత్తాం నొక్కాను. చక్రం హాయిగా తిరుగుతోంది. ఓడిపోయానని మాత్రం రాయను.

నర్సంపేట_సారు | శనివారం, ఉదయం 10:40

వ్యాసం చివరిదాకా చదివాను. పది పేరాలు, మధ్యలో ఎక్కడా ఊరు దాటలేదు. టీ వేడిగానే తాగాను.

తూము_మత్తడి | శనివారం, మధ్యాహ్నం 12:20

నేను కూడా తెర నిండా పెట్టుకొని, మా ఊరి చెరువు చుట్టూ షిఫ్ట్ పెట్టె గీసి, 18వ మెట్టు దాకా వెళ్ళాను. గుంట కందిగింజంతే ఉంది, లెక్క సరిపోయింది. అయితే బాబూ, మిగులు నీళ్ళు పొర్లిపోయే మత్తడిని మీరు కట్టకు ఉత్తరపు కొసన పెట్టారు. అది దక్షిణపు కొసన ఉంటుంది. ఆ మత్తడి దూకిన నీళ్ళే కింది చెరువుకు పోతాయి. మీరు గీసిన వాగు ప్రకారం అయితే నీళ్ళు గుట్ట ఎక్కాలి.

గొలుసుకట్టు | శనివారం, మధ్యాహ్నం 12:48

అయ్యో. పాత నక్షా చూసి చుక్కలు పెట్టినప్పుడు 14వ మెట్టులోనే పెట్టుకుంటూ పోయాను సార్, తొందరలో. ఆ మెట్టులో కట్ట మొత్తం అరచేతి వెడల్పు కూడా రాదు, ఏ కొస ఏదో పోల్చుకోలేకపోయాను. ఊరి పేరు, సర్వే నంబరు నాకు విడిగా పంపండి. అలా పెట్టినవి ఇంకో నలభై దాకా ఉన్నాయి, అన్నీ మళ్ళీ చూడాలి.

నర్సంపేట_సారు | శనివారం, మధ్యాహ్నం 1:15

మా వైపు చెరువులు నాకు ఇవ్వు. ఆదివారం పొద్దున్నే బయలుదేరి కట్టల మీద నడిచి వస్తాను, మత్తడి దగ్గర నిలబడి ఫోటో తీసి పంపుతాను. ఫోను మ్యాపులో ఎన్ని వేళ్ళు వాడాలో మాత్రం ఈ రాత్రిలోగా ఎవరైనా చెప్పండి.

ఎనుమాముల_మిర్చి | శనివారం, మధ్యాహ్నం 1:22

రెండు, సార్.